తెల్ల విమానం గురించి బావకు చెప్పిన మాట

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని లోపల పెట్టుకుని ఎగురుతున్నాను. అది ఎవరి ప్రాణమూ తీయలేదు. పోలీసులు వెతికే రకం కాదు. ఒక మనిషి జీవితంలో కోరుకున్న ఒకే ఒక్క సీటు ఆయనకు దక్కకుండా చేశాను, అంతే. ఆ "అంతే" రాసేటప్పుడు చేయి ఆగింది. అంతేనా?

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఇంకో కారణం కూడా ఉంది, అదీ దాచను. మాది కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా వాళ్లెవరికీ తెలుగు చదవడం రాదు. కోత యంత్రాలు బాడుగకిచ్చే వ్యాపారం నాది. ఆ పని మీద ఆంధ్రా వైపు తిరిగి తిరిగి, బస్సుల బోర్డుల దగ్గర మొదలుపెట్టి, ఈ పుస్తకాల తెలుగు నేర్చుకున్నాను. ఈ కాగితాలు మా అక్క వంటింట్లో పరిచి పెట్టినా ఎవరికీ ఏమీ అర్థం కాదు. తప్పు ఒప్పుకునేటప్పుడు కూడా ఇంత జాగ్రత్తపడే మనిషిని నేను. ముందే తెలుసుకోండి.

బావ అంటే మా అక్క భర్త. విరుదునగర్‌లో పప్పు మిల్లు. భారీ మనిషి. ఆయన లేచాక గానీ కుర్చీ ఊపిరి పీల్చుకోదని మేం ఏడిపించేవాళ్లం. ఆయన అందరికంటే ముందు నవ్వేవారు. విమానాల పిచ్చి ఆయనది, నాది కాదు. మిల్లు గదిలో కూర్చుని ఫోనులో వీడియోలు చూసేవారు. ఎక్కడో కొండల మధ్య, ఏటి ఒడ్డున గులకరాళ్ల మీద, గడ్డి మీద చిన్న విమానాలు వాలుతాయి. మనుషులు దిగి, టీ కాచుకుని తాగి, మళ్లీ ఎగిరిపోతారు. రన్‌వే లేదు, టికెట్టు లేదు. మన బీళ్లు ఇంతకంటే చదునుగా లేవా అని ఆయన వాదన.

ముందు తనే నేర్చుకోవాలనుకున్నారు. చక్కెర జబ్బుకు సూది వేసుకునేవాళ్లకు కుదరదని డాక్టర్లు తిప్పి పంపారు. కొన్నాళ్లు మిల్లు మొహం కూడా చూడలేదు. తర్వాత ఒకరోజు నా షెడ్డుకు వచ్చి, నువ్వు నేర్చుకో, నేను పక్కన కూర్చుంటాను అన్నారు. ట్రాక్టరు, లారీ, కోత యంత్రం, నువ్వు నడపనిది ఏముంది, ఇదీ నడుపుతావు అన్నారు. ఖర్చు చెరి సగం. ఆయనకు కావలసింది ఆ రెండో సీటు ఒక్కటే. అది మీరు గుర్తుపెట్టుకోవాలి. నేనే మరిచిపోయాను.

నేర్చుకున్నాను. ఎలా చెప్పను మీకు? నలభై దాటిన ఆడదాన్ని, మొగుడు పోయి చాలా కాలమైనదాన్ని, పొద్దున్నే లేచి నాలుగు యంత్రాల డ్రైవర్లతో నోరు పారేసుకునేదాన్ని. మొదటిసారి ఒంటరిగా చక్రాలు నేల వదిలినప్పుడు గట్టిగా నవ్వాను. వినేవాళ్లు లేరని ఇంకా గట్టిగా నవ్వాను. ఆ నవ్వు నాదేనని నమ్మడానికి నాకే కాస్త సమయం పట్టింది.

ఇక విమానం ఎంచుకోవాలి. ఆ నెలలంత సంబరం మా ఇంట్లో ఏ పెళ్లికీ లేదు. నాగలాపురం దగ్గర మా నాన్న వదిలి వెళ్లిన మెట్ట చేను ఉంది. నల్లరేగడి, మేం కరిసల్ అంటాం. వాన పడితే చక్రానికి పిండిలా అతుక్కుంటుంది, ఎండాకాలం చేయి దూరేంత పగుళ్లిస్తుంది. దాని మీద గరుసు తోలించి, రోలరు ఎక్కించి, ఒక దారి చేశాం. అదీ పొట్టి దారి. ఒక చివర కరెంటు తీగలు, రెండో చివర పక్క చేనాయన మొండితనం. కాబట్టి తక్కువ దూరంలో లేచేది కావాలి. పత్తి కంపలు తగలకుండా రెక్క పైన ఉండేది కావాలి. బంకులో పోసే పెట్రోలుతోనే నడవాలి. ధర ఒక మంచి కోత యంత్రాన్ని మించకూడదు. బావ మూడు చక్రాల పక్షం, నేను లావు టైర్ల పక్షం. అక్క ఇద్దరికీ అన్నం పెట్టి, మీకు పిచ్చి ముదిరిందని తిట్టేది. అనుమతుల కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతూ బస్సుల్లో కూడా అదే వాదన. పక్కవాళ్లు మమ్మల్ని ఆవులు కొనే బేరగాళ్లనుకున్నారేమో.

చివరికి వేరే రాష్ట్రంలో ఒక ఫ్లయింగ్ క్లబ్బులో రెండు పాత విమానాలు అమ్మకానికి ఉన్నాయని తెలిసి ఇద్దరం వెళ్లాం. ఒకటి తెల్లది. వెడల్పాటి సీట్లు, ముందు ఒక చక్రం, వెనక రెండు, బలమైన ఇంజను. రెండోది ఎర్రది. గుడ్డ తొడిగిన ఒళ్లు, తోక కింద చిన్న చక్రం, ముందర బెలూన్లలాంటి రెండు టైర్లు. అక్కడి శిక్షకుడు ఉత్తరాది మనిషి, లావులో బావకు తమ్ముడిలా ఉన్నాడు. నన్ను ముందు తెల్లదాంట్లో తీసుకెళ్లాడు. మేమిద్దరం ఎక్కినా చక్కగా, తక్కువ పరుగులో, ఏ గొడవా లేకుండా లేచింది. ఎంత నెమ్మదిగా దింపినా మాట విన్నది. మంచి ఎద్దు లాంటి విమానం. అన్నీ మాకు సరిపోయాయి.

తర్వాత ఎర్రదాంట్లో నన్ను ఒంటరిగా పంపాడు.

నేను దాన్ని నడపలేదు. తొడుక్కున్నాను. ఇంజను పిడి ఇలా తోశానో లేదో నేల కిందికి పోయింది. గాలి తగిలితే నా భుజానికే తగిలినట్టుంది. పక్కన గడ్డి బీటి మీద దించాను, మళ్లీ లేపాను, మళ్లీ దించాను. కిందికి వచ్చాక కూడా దిగబుద్ధి కాలేదు. ఇది నాది. ఇంకెవరిదీ కాదు. అప్పుడే, తాళం ఇంకా చేతిలో ఉండగానే, నిర్ణయం అయిపోయింది.

శిక్షకుడు మా ఇద్దరినీ నిలబెట్టి స్పష్టంగా చెప్పాడు. ఎర్రది మోసే బరువు తక్కువ. మీ ఎండల్లో గాలి పలచబడుతుంది, రెక్కకు పట్టు చాలదు, మీ దారి పొట్టిది. ఈయనతో కలిసి ఎగరాలంటే అది పనికిరాదు. తెల్లది కొనండి, ముందు చక్రానికి పెద్ద టైరు వేయించండి, మీ నేలకు భేషుగ్గా ఉంటుంది. ఇదంతా ఇంగ్లీషులో చెప్పాడు. బావకు ఇంగ్లీషు రాదు, హిందీ రాదు. మధ్యలో దుబాసీని నేను. బావ ఆయన మొహం చూసి తల ఊపుతున్నారు. శిక్షకుడు బావను చూసి నవ్వుతున్నాడు.

"ఏమంటుండాడు పాపా?" అన్నారు బావ.

"తెల్లది వద్దంట బావా. ముందర చక్రం ఆడుతుండాదంట. మన కరిసల్లో దిగితే ఒకనాడు విరిగి బోర్లా పడతాదంట."

"అయ్యో. చూస్తే కెట్టిగా ఉండాదే. మరి ఎర్రదాంట్లో నేను పడతానా?"

"కొంచెం ఒళ్లు తగ్గితే పడతారంట."

"తగ్గుతా. అదేం పెద్ద పని?" అని ఆయన ముందుకు వంగి శిక్షకుడి రెండు చేతులూ పట్టుకున్నారు. నిజం చెప్పినందుకు చాలా సంతోషమని నాచేత చెప్పించారు.

చెప్పాను. శిక్షకుడు తికమకపడి, మరి ఏది తీసుకుంటున్నారు అని అడిగితే, ఎర్రది, మా బావకు ఎక్కాలని లేదు, కింద నుంచి చూడటమే ఇష్టమట అన్నాను. ఇటు ఒకటి, అటు ఒకటి. నోరు తడబడలేదు. ఆ తేలికే ఇప్పుడు నన్ను భయపెడుతుంది.

ఎందుకు చేశాను? ఎర్రదాని మీద మోజు అనుకుంటాను. కొన్నిసార్లు అది కూడా అబద్ధమే అనిపిస్తుంది. పక్క సీటులో ఆయన ఉంటే అటు తిప్పు, ఇటు చూడు, ఆ ఊరు మీద పోనీ అంటారని, దిగాక అందరూ అది బావ విమానం అంటారని నాకు తెలుసు. నా జీవితంలో ఏదీ నా ఒక్కదానిదిగా లేదు. ఒక్కటి కావాలనిపించింది. దానికోసం, ఆ ఒక్కటి నాకు చూపించిన మనిషినే పక్కకు నెట్టాను.

విమానం వచ్చింది. నా సంతోషం గురించి అబద్ధమాడను. పొద్దున చల్లగాలిలో లేచి, సాత్తూరు దాకా పోయి, అగ్గిపెట్టెల పుల్లలు ఆరబోసిన కళ్లాలు చూసి, గాలిమరల వరుస పక్కగా వెనక్కి తిరిగి, తెలిసినవాళ్ల ఎండిన బీటిలో దిగి, వాళ్లిచ్చిన మజ్జిగ తాగి మళ్లీ ఎగిరేదాన్ని. ఇప్పటికీ ఇది రాస్తుంటే ఒళ్లు పులకరిస్తోంది. పశ్చాత్తాపపడేవాళ్లకు ఇంత సంబరం ఉండవచ్చా? ఉంది, ఏం చేయను?

బావ ప్రతిసారీ విరుదునగర్ నుంచి వచ్చేవారు. మోపెడ్ మీద తిరుగుతూ మా గరుసు దారి మీది మేకల్ని తోలేవారు. నేను దిగే వేళకు చేను చివర నిలబడి, గాలి ఎటు వీస్తోందో తెలిసేలా తన తువ్వాలు చేయెత్తి పట్టుకునేవారు. నేను దిగగానే పరుగులాంటి నడకతో వచ్చి ఎట్లుండె, ఏం కనిపించె అని అడిగేవారు. నేను కొంచెమే చెప్పేదాన్ని. మిగతాది దాచుకునేదాన్ని. ఇంత పిసినారితనం నాలో ఎక్కడిదో.

ఆయన తగ్గడం మొదలుపెట్టారు. మిల్లులో మూటలు తూచే కాటా మీద రోజూ నిలబడేవారు. ఎంతకు తగ్గితే ఎక్కవచ్చో నేనే ఒక అంకె చెప్పాను. ఆ అంకె కాటా పక్కన గోడ మీద సుద్దతో రాసి పెట్టుకున్నారు. సజ్జ గంజి, ముల్లంగి, మజ్జిగ. ఇడ్లీలు లెక్కపెట్టి తినే మనిషి కాదు ఆయన, లెక్కపెట్టసాగారు. ఒకసారి సూది వేసుకుని సరిగా తినక మిల్లులోనే కళ్లు తిరిగి పడ్డారు. ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే. ఆ దారిలోనైనా నోరు తెరిచి ఉండవచ్చు. తెరవలేదు. ఆయన పట్టుదలతో ఆ అంకె దాకా వచ్చారు కూడా. అప్పుడు నేను ఏం చేశానో వినండి. ఎండలు ముదిరాయి బావా, గాలి పలచనైంది, ఇంకొంచెం తగ్గాలి అన్నాను. ఆయన సుద్ద అంకె చెరిపి కొత్తది రాసుకున్నారు.

ఆ ఎండాకాలంలోనే ఆయన కొడుక్కి సాత్తూరులో సంబంధం కుదిరింది. పిల్లవాడికి ఆ అమ్మాయి బాగా నచ్చింది. మా వైపు మాట ఖాయమయ్యాకే పిల్ల ఇంట్లో భోజనానికి కూర్చుంటారు. ఆకు ముందు కూర్చుని తినకుండా లేస్తే, ఈ సంబంధం మాకు వద్దని నోటితో చెప్పనక్కర్లేదు. బావ రెండు ముద్దలు తిని ఆకు మడిచారు. మర్నాడు కాటా ఎక్కాలి కదా, ఆయన బుద్ధంతా అక్కడుంది. పిల్ల తండ్రి మొహం నల్లబడింది. తర్వాత ఎంతమంది పోయి ఎంత బతిమాలినా వాళ్లు దిగిరాలేదు. కొడుకు చాలాకాలం తండ్రితో మాట్లాడలేదు. అక్క ఏడ్చింది. బావ నా దగ్గరకు వచ్చి, నా తిండి యావ ఎప్పుడూ ఇంటికి చేటే, తిన్నా చేటే, తినకున్నా చేటే అని నవ్వబోయి నవ్వలేకపోయారు. నేను ఆయనకు కాఫీ ఇచ్చాను. చక్కెర లేని కాఫీ.

చివరికి ఆయన్ని తగ్గించింది పథ్యం కాదు, మూత్రపిండాల రోగం. మిల్లు కొడుక్కి అప్పగించారు. చొక్కాలు వేలాడసాగాయి. పోయినేడు చలి ఉన్న ఒక ఉదయం ఆయన తనంతట తనే చేనికి వచ్చి, ఇప్పుడు పడతానేమో చూడు పాపా అన్నారు. పట్టారు. పక్కన ఇంకా చోటు మిగిలింది.

లేచాం. ఆయన చిన్నపిల్లాడిలా అరిచారు. ఒక్కో ఊరినీ పేరు పెట్టి పిలిచారు, మిల్లు రేకులు కనిపిస్తాయా అని విరుదునగర్ వైపు మెడ సాచారు. నాకూ ఆనందం ఆగలేదు. ఇన్నేళ్లూ పక్క సీటు ఖాళీగా ఎందుకు ఎగిరానో నాకే అర్థం కాలేదు. ఆయన అటు తిప్పు అన్నారు, తిప్పాను. ఏమీ తగ్గలేదు నాకు. ఇంకా ఎక్కువైంది.

చేను కనిపించే వేళకు ఆయన అరుపులు ఆగాయి. చెవుల్లో ఆయన గొంతు నెమ్మదిగా వినిపించింది.

"పాపా, నన్ను మన్నించు."

"ఎందుకు బావా?"

"నా ఒళ్లు వల్ల ఇన్నేండ్లు నిన్ను తనియా పంపితినే. పక్కన తోడు లేకుండా. ఎంత బయపడింటావో."

అప్పుడు చెప్పాలి. ఇంజను చప్పుడు తప్ప ఎవరూ లేరు. నోటి ముందే మైకు ఉంది. తెల్లది బాగుంది బావా, నేనే అబద్ధం చెప్పాను: ఇంతే చెప్పాల్సింది. చెప్తే ఏమయ్యేది? ఆయన ఆ మొదటి ప్రయాణం పాడయ్యేదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. కాదు. నా మొహం పాడయ్యేది.

ఆయన ఇంకా ఉన్నారు. వారానికి కొన్ని రోజులు ఆసుపత్రికి పోయి వస్తున్నారు. మళ్లీ ఎగరడానికి డాక్టరు ఒప్పుకోలేదు. నేను చెప్పలేదు, చెప్తానని మీకు మాట ఇవ్వలేను. రాశాను, అంతవరకు నిజం. ఇంతకాలం గొంతులో ఉన్నది ఇప్పుడు కాగితం మీద ఉంది, ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది. దానికి నాకు అర్హత లేకపోయినా ఆడుతోంది.

మొదట్లో నా తప్పు తెల్ల విమానం గురించి చెప్పిన అబద్ధమే అనుకున్నాను. ఇక్కడిదాకా రాశాక తెలిసింది, అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. అది ఆ ఉదయం, అంత ఎత్తున, నేను ఆయనకు చెప్పిన జవాబు.

"పోనీ బావా," అన్నాను. "నేనేం మనసులో పెట్టుకోలేదు."

ఆయన్ని క్షమించాను.