కద్దూర్ అంగలు

తెనెస్ ఊళ్లో దూరం కొలవాల్సి వస్తే జనం టేపు కోసం వెతికేవారు కాదు, కద్దూర్‌ని పిలిచేవారు. ఇరవై ఆరేళ్లు సైన్యంలో చేసిన మనిషి. అక్కడ గుడారాలు వేయాలన్నా, తుపాకీ గురికి దూరం పెట్టాలన్నా అతని కాళ్లే కొలబద్ద. అంగకి ఎనభై సెంటీమీటర్లు, వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. పింఛను పుచ్చుకుని ఇంటికొచ్చాక ఊరికే కూర్చోలేక, సముద్రపు ఒడ్డున కుర్రకారును పోగేసి సైన్యం, పోలీసు, అగ్నిమాపక దళం పరీక్షలకు తయారు చేయడం మొదలుపెట్టాడు. ఒక్క దీనారు తీసుకోడు. బదులుగా తిట్టే హక్కు తీసుకున్నాడు, దాన్ని బాగానే వాడుకున్నాడు.

పరుగు దారి కూడా అతని కాళ్లు గీసిందే. చలికాలం అలలు ఒడ్డు రోడ్డును కోసేస్తే మునిసిపాలిటీ ప్రతి వసంతంలోనూ బాగుచేసేది. ఆ పని కాగానే కద్దూర్ దీపస్తంభం దగ్గర మొదలుపెట్టి రెండువందల యాభై అంగలు వేసి, అక్కడ ఒక రాయి పెట్టి సున్నం పూసేవాడు. పోయిరావడం నాలుగువందల మీటర్లు. పన్నెండేళ్లుగా ఎవరూ దాన్ని ప్రశ్నించలేదు.

ఆ ఏడాది పన్నెండు మంది ఉన్నారు. అందరిలోకీ అతను ఎక్కువ కనిపెట్టుకుని ఉన్నది రుఫైదాని. పిన్ని కొట్లో మహ్జూబా అనే కూర రొట్టెలకు పిండి ఒత్తే పిల్ల. అగ్నిమాపక దళంలో చేరాలంటే ఆడపిల్లలు రెండు కిలోమీటర్లు పది నిమిషాల్లో పరుగెత్తాలి. పోయినేడు ఆమెకు పద్నాలుగు సెకన్లు ఎక్కువ పట్టింది. ఈసారి కూడా తప్పితే వయసు దాటిపోతుంది, మళ్లీ పరీక్షకు కూర్చోనివ్వరు. ఇంకా ఎనిమిది రోజులుందనగా ఆమె ఐదు చుట్లూ తొమ్మిది నిమిషాల యాభై సెకన్లలో ముగించింది. కద్దూర్ పైకి మూతి ముడుచుకున్నాడు గానీ లోపల పొంగిపోయాడు.

అదే పొద్దున బెలూఫా అనే మునిసిపాలిటీ పనివాడు పిడికర్రకు తగిలించిన కొలత చక్రాన్ని దొర్లించుకుంటూ రోడ్డు కొలుస్తున్నాడు. కద్దూర్‌కి వేళాకోళం పుట్టింది.

"ఒరే బెలూఫా, నీ బొమ్మ చక్రం ఓసారి నా దారి మీద తిప్పు. అదెంత తప్పుడుదో తేలిపోతుంది."

బెలూఫా నవ్వుతూ స్తంభం నుంచి రాయి దాకా దొర్లించాడు. రాయి దగ్గర వంగి అంకె చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"నూట ఎనభై తొమ్మిది."

"మళ్లీ తిప్పు."

రెండోసారీ అంతే వచ్చింది.

కద్దూర్ అతన్ని పంపించేసి తను నడిచాడు. సరిగ్గా రెండువందల యాభయ్యో అంగకి కాలు రాయికి తగిలింది. లెక్క తప్పలేదు. రెండేళ్ల కిందట మోకాలికి ఆపరేషన్ అయింది. అప్పటినుంచి అంగ కురచైపోయిందన్న సంగతి ఆ కాలికి తెలుసేమో గానీ, కాలు గల మనిషికి తెలియలేదు. ఇంట్లో భార్య కెల్తూమాకి చెబితే ఆమె కాఫీ కప్పు ముందు పెట్టి, "కుంటుతున్నారండీ అని ఏడాదిన్నరగా మొత్తుకుంటున్నా. 'ఎవరు, నేనా?' అంటిరి," అంది.

అతను కాఫీ ముట్టుకోలేదు. ఐదు చుట్లకి నూట పది మీటర్లు తక్కువ. అంటే రుఫైదా తొమ్మిది యాభై అసలు దారి మీద పది ఇరవై నాలుగు. ఎనిమిది రోజుల్లో ఇరవై నాలుగు సెకన్లు ఎక్కణ్ణుంచి తెస్తుంది?

మధ్యాహ్నం ఒడ్డుకెళ్లి రాయి ముందు నిలబడ్డాడు. ఎవరూ చూడకుండా పదకొండు మీటర్లు అవతలికి జరిపేస్తే పోతుంది. రేపు సెకన్లు పెరిగితే గాలి మీదకి నెట్టొచ్చు. కానీ రుఫైదా గాలిని అనదు, తననే అనుకుంటుంది. పోయినేడు అలాగే అనుకుంది. అప్పుడు స్టేడియం గేటు దగ్గర, పదిమందీ వింటుండగా, ఆమెనీ, పరుగులో తప్పిన మునీర్ అనే ఇంకో కుర్రాణ్ణీ నిలబెట్టి తను అన్న మాటలు గుర్తొచ్చాయి. కాళ్లు గాడిదకీ ఉంటాయి, మీకు లేనిది రోషం అన్నాడు. రుఫైదా మర్నాడే మళ్లీ ఒడ్డుకి వచ్చింది. మునీర్ రాలేదు, వాడికి అదే ఆఖరి ఏడు. కద్దూర్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. రాయిని ముట్టుకోకుండా వెనక్కి వచ్చేశాడు.

మర్నాడు పొద్దున్నే పన్నెండు మందినీ కూర్చోబెట్టి, బెలూఫాని పక్కన పెట్టుకుని చెప్పాడు. ఏదీ దాచలేదు, తేలిక చేయలేదు. వెనక నుంచి ఎవడో, "అయితే బాబాయ్ కూడా ఉతికితే కుంచించుకుపోయే బట్ట రకమే," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

రుఫైదా లేచి నిలబడింది.

"నా తొమ్మిది యాభై ఇప్పుడెంత?"

"పది ఇరవై నాలుగు."

"పోయినేడు కూడా రాయి అక్కడే ఉందా?"

"అప్పుడూ ఇంతే తక్కువలో ఉంది తల్లీ."

"గేటు దగ్గర మీరన్న మాట నేను ఏడాదంతా నమ్మాను బాబాయ్. పిండి ఒత్తుతూ కూడా అదే అనుకున్నా."

"తప్పు నాది. అప్పుడు అందరి ముందూ అన్నాను, ఇప్పుడు అందరి ముందే చెబుతున్నా."

ఆమె నడిచివెళ్లి రాయిని రెండు చేతులతో ఎత్తి పొట్టకి ఆనించుకుంది. "బెలూఫా అన్నా, నీ చక్రం ముందు నడిపించు," అంది.

ఆ రోజు పది ఇరవై ఒకటి. మూడో రోజు పది పద్నాలుగు. నాలుగో రోజు కద్దూర్ అలవాటుగా చుట్టు చుట్టుకీ సెకన్లు అరుస్తుంటే ఆమె ఆగిపోయి, "అరవకండి బాబాయ్. మీరు చెప్పిన వేగానికి నన్ను నేను కట్టేసుకుంటున్నా. ఊపిరి ఉన్నా దాచుకుంటున్నా," అంది. నోరు మూసుకుని ఉండటం అతనికి ఎంత కష్టమో ఊరందరికీ తెలుసు. మూసుకున్నాడు. ఆరో రోజు పది నాలుగు వచ్చింది. ఇంకా పరుగెడతానని ఆమె, రెండు రోజులు కాళ్లకి విశ్రాంతి ఇవ్వకపోతే చచ్చినా రాదని అతను. చివరికి ఆమె విన్నది, కానీ మొహం తిప్పుకుని విన్నది.

పరీక్ష రోజు బయటివాళ్లని లోపలికి రానివ్వరు. కద్దూర్ స్టేడియం కమ్మీలు పట్టుకుని నిలబడ్డాడు. పరుగు మొదలవగానే జేబులోనే గడియారం నొక్కాడు గానీ తీసి చూడటానికి భయం వేసింది. మొదటి చుట్టులో రుఫైదా వెనకబడింది. రెండో చుట్టులో కూడా వెనకే. మూడో చుట్టులో ముగ్గుర్ని దాటింది. నాలుగోది ముగిసేసరికి ఉండబట్టలేక గడియారం తీశాడు, ఎనిమిది నిమిషాల ఒక సెకను. ఇంత ఆలస్యం తను ఎన్నడూ ఒప్పుకునేవాడు కాదు. అరవాలని గొంతు దాకా వచ్చింది. పెదవి కొరుక్కున్నాడు. ఆఖరి మలుపు దగ్గర ఆమె తల పైకెత్తి, చేతులు విసిరి, ఎక్కడ దాచుకుందో ఆ ఊపిరంతా బయటికి తీసి పరుగెత్తింది. గీత దాటి నేల మీద కూలబడింది.

అతని గడియారం తొమ్మిది యాభై ఏడు అంది. తన కొలతల్ని ఇప్పుడు నమ్మే స్థితిలో లేడు. అధికారి కాగితం చూసి నెగ్గినవాళ్ల పేర్లు చదివేదాకా కమ్మీలు పట్టుకునే ఉన్నాడు. నాలుగో పేరు ఆమెది.

రుఫైదా గేటు బయటికొచ్చింది. కద్దూర్ కళ్లు తుడుచుకుంటూ ఎదురెళ్లాడు. ఆమె ఇంకా రొప్పుతూనే ఉంది.

"మునీర్‌కి చెప్పారా?"

"లేదమ్మా. ముందు నీ పరీక్ష కానీ అని..."

"నాది అయిపోయింది. వెళ్లండి."

మునీర్ ఇల్లు పాత ఊళ్లో, మెట్ల వీధి పైన. కుంటుతూ ఎక్కేసరికి మోకాలు మండింది. మునీర్ గడపలో కూర్చుని వల కుడుతున్నాడు. లేవలేదు, కూర్చోమనలేదు. కద్దూర్ నిలబడే అంతా చెప్పాడు. రాయి, చక్రం, మోకాలు, మీటర్లు. నీ పరుగులో లోపం లేదు నాయనా, నా కొలతలో ఉంది అన్నాడు.

మునీర్ సూదిని వలకి గుచ్చి వదిలేశాడు. ఇద్దరి మధ్యా చేపల వాసన, కింద రేవులోంచి పడవల చప్పుడు.

"నాకిప్పుడు చెప్పి ఏం లాభం బాబాయ్. నేను బద్ధకించలేదని నాకెప్పుడూ తెలుసు." వాడు తలతో లోపలికి సైగ చేశాడు. "మా అమ్మే నమ్మలేదు. కద్దూర్ అబద్ధం చెప్పడు అంది. లోపలుంది, వెళ్లి ఆవిడకి చెప్పండి."

కద్దూర్ గోడ పట్టుకుని, బూట్లు విప్పి, లోపలికి వెళ్లాడు.