చెవితో బొగ్గు చూసే డ్రైవరు

మా ఉదయగిరి బస్సు బొగ్గు గ్యాసుతో నడిచే రోజుల్లో, దాని డ్రైవరు రెండు బొగ్గులను చెవి దగ్గర తట్టి, అవి ఎంత దూరం లాగుతాయో చెప్పేవాడు. ఆత్మకూరు బడిలో ఎంత బొగ్గుకు ఎన్ని నీళ్లు కాగుతాయో నేను చూపించాల్సిన రోజున, నా సంచిలోవి కూడా తట్టాడు. తొందరలో నీళ్లు చల్లి ఆర్పిన తుమ్మబొగ్గులవి.

“చెమ్మ పట్టినాయి అబ్బయా. వీటితో చెంబు నీళ్లు కూడా కాగవు,” అన్నాడు, బస్సంతా వినేట్టు. బిందెడు కాగుతాయని నా లెక్క. ఆ అవమానం ఇప్పటికీ మరవలేదు.

దిగేటప్పుడు తన గంపలోని బొగ్గుల్లో సగం నా సంచిలో పోశాడు. బడిలో బిందెడు నీళ్లూ కాగి తెర్లాయి.

సాయంత్రం తిరుగుబస్సు మా ఊరికి మైలు దూరంలో ఆగిపోయింది.

“దిగి తొయ్యండయ్యా. మన బొగ్గులు ఈ అబ్బయ్య బిందె కింద కాలిపోయినాయి,” అన్నాడు డ్రైవరు.

అది రెండో అవమానం. అందరికంటే గట్టిగా నేనే తోశాను.