సంచిలోంచి లాగిన పోగు

మీ గుడ్డసంచి నిజంగా నూలుదేనా? ఎప్పుడైనా పరీక్షించారా?

సూరత్‌లో నేను పాఠాలు చెప్పిన విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంఘానికి ఒకమ్మాయి పర్యావరణ కార్యదర్శిగా ఉండేది. ఆ ఊళ్లోనే పర్వత్ పాటియా పేటలో మరమగ్గం నడిపే తెలంగాణ కార్మికుడి కూతురు. ఏ బట్ట చేతికొచ్చినా ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడటం ఆమె అలవాటు.

క్యాంపస్‌లో ప్లాస్టిక్ మాన్పించాలని సంఘం రింగ్ రోడ్ బట్టల మార్కెట్ నుంచి గుడ్డసంచులు తెప్పించింది. పంచే ముందు సమావేశంలో ఆమె ఒక పోగు కాల్చింది. నూలైతే బూడిద రాలేది. ఇది కరిగి నల్లటి పూసలా గడ్డకట్టింది.

"అన్నా, ఇది పాలిస్టర్. ఇది గూడ ప్లాస్టికే."

సంఘం అధ్యక్షుడూ తెలుగువాడే. నవ్వాడు. "మీ బాపు నేసేది గిదే మాల్ కదనే! అడ్డం పడకు, కుర్సీ పోతది."

"మా బాపు చీరెలని చెప్పి చీరెలే నేస్తడు. ప్లాస్టిక్ గాదని అబద్ధం మనమే చెప్తున్నం."

సంచులు పంచడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నారు. ఆమె తప్ప విద్యార్థులందరూ ఎత్తారు. సంఘానికి సలహాదారునైన నేను బల్లకేసి చూస్తూ కూర్చున్నాను. మర్నాడే ఆమెను పదవి నుంచి తప్పించారు. ఎన్నో సభల్లో హేతువాదం మాట్లాడి అలసిన నా నోరు, అవసరమైన చోట పెగలలేదు.

రేపు మీ సంఘంలో ఎవరైనా ఒంటరిగా లేచి రుజువు చూపిస్తే, చెయ్యెత్తేముందు దాన్ని చూడండి. చూశాక ఆ మనిషి పక్కన నిలబడండి.