అమ్మ ఎక్కిన చల్లటి బండి

మహబూబాబాద్‌లో మా వీధిలో కారు నడిపే ఆడమనిషిని నేనొక్కదాన్నే. నలభై దాటాక నేర్చుకున్నాను. నాది ఎవరో వాడి అమ్మేసిన పాత కారు. జనగామలో ఉండే చెల్లెలిది నిరుడు షోరూం నుంచి తెచ్చిన పెద్ద బండి. మరిదికి అక్కడ హోల్‌సేల్ కిరాణా దుకాణం ఉంది. ఆ బండి ఫోటో పంపిన రోజు చాలా బాగుందని చెల్లెలికి చెప్పి, బయటికి వెళ్లి నా కారును రంగు పోయేంత గట్టిగా తుడిచాను.

మే నెలలో పుష్కరాలకని కాళేశ్వరం బయలుదేరాం. నెల్లికుదురు వెళ్లి అమ్మను నేనే ఎక్కించుకున్నాను. దారి పొడవునా పక్కన కూర్చుని, నేను నడపడం చూస్తుందని ఆశపడ్డాను. భూపాలపల్లిలో టీ కోసం ఆగితే చెల్లెలూ మరిదీ అక్కడికే వచ్చి కలిశారు. టీ అయ్యాక అమ్మ తన సంచి తీసుకుని వాళ్ల బండి వైపు నడిచింది.

"అండ్ల సల్లగుంటది బిడ్డా. నువ్వు ఎనకనే రా," అంది.

నా ఏసీ అంతంతమాత్రమే, అమ్మను అనడానికి లేదు. అయినా మహదేవపూర్ దాకా నా చూపంతా ముందున్న ఆ తెల్లబండి మీదే. దాని వెనక అద్దంలోంచి అమ్మా చెల్లెలూ తలలు దగ్గర పెట్టుకుని నవ్వుకోవడం కనిపిస్తూనే ఉంది.

మహదేవపూర్ దాటాక బండ్లన్నీ ఆగిపోయాయి. మిట్టమధ్యాహ్నం, ఎక్కడా నీడ లేదు. కాసేపటికి ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు జరిగింది. కారు నేర్పినాయన చెప్పినట్టే ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ పూర్తిగా పెట్టాను. ఇంజన్‌లోని వేడి అలా లోపలికి వస్తే ఇంజన్ కాస్త తేరుకుంటుంది. మొఖం మీద పొయ్యి రాజేసినట్టుంది. ముందు బండి అద్దాలు మూసే ఉన్నాయి. లోపల వాళ్లు చల్లగా కూర్చున్నారన్న తలపే నన్ను ఎక్కువ మండించింది.

ముల్లు కిందికి దిగింది. అంతలో ముందు బండి బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. మరిది ఇంజన్ ఆపకుండానే దిగి, బానెట్ ఎత్తి, గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోయాడు. పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"ముట్టకు మరిదీ, మొఖం కాలుతది. ఫ్యాను తిరుగుతలేదు సూడు. ముందు ఇంజన్ బంద్ జెయ్యి."

చుట్టుపక్కల బండ్లవాళ్లు నలుగురు కలిసి ఆ బండిని పక్కకు నెట్టారు. మెకానిక్ కోసం మరిది అక్కడే ఉండిపోయాడు. అమ్మా చెల్లెలూ నా కారు వెనక సీట్లోకి వచ్చారు. హీటర్ ఆపమని చెల్లెలు అడిగింది. ఆపితే ఇదీ ఇక్కడే నిలబడుతుందన్నాను. అమ్మ కొంగుతో విసరడం మొదలుపెట్టింది, చెల్లెలికి. నా చేతుల చెమటకు స్టీరింగ్ జారుతోంది. అద్దంలో చూస్తూనే ఉన్నాను, ఆ కొంగు ఒక్కసారి కూడా నా వైపు రాలేదు.

"చిన్నప్పటిసంది దానికి ఎండ పడది," అంది అమ్మ, ఎవరూ అడక్కుండానే.

మేం గోదావరిలో మునిగి వచ్చేసరికి మరిది బండి బాగుచేయించుకుని వచ్చాడు. ఫ్యాను ఫ్యూజు పోయిందట. తిరుగుదారిలో అమ్మ మళ్లీ ఆ బండే ఎక్కింది. చెల్లెలు మాత్రం వచ్చి నా పక్కన కూర్చుంది.

"నాకు గూడ నేర్పియ్యవా అక్కా? బండి ఉన్నది గని, ఆయనకు తీరినప్పుడే నేను యాడికన్న పోవుడు. నిన్ను జూస్తె కుళ్లు పుడ్తది నాకు," అంది మహదేవపూర్ దాటాక.

నేర్పుతానన్నాను. సంతోషంగానే అనిపించింది. ఆ వెంటనే, నాకొక్కదానికే ఉన్నది కూడా దాని చేతికి ఇచ్చేస్తున్నానని గుబులు పట్టుకుంది. అయినా ఆదివారాలు జనగామ వెళ్లి ఊరి బయటి మైదానంలో నేర్పాను. నాకు నెలలు పట్టిన పని దానికి వారాల్లోనే వచ్చేసింది.

మొన్న అమ్మను దవాఖానకు అదే తీసుకెళ్లిందట. అమ్మ ఫోన్ చేసి, కుదుపన్నదే తెలియకుండా చెల్లె ఎంత మంచిగా తోలుతున్నదో చాలాసేపు చెప్పింది. ఎవరు నేర్పారన్న మాట అమ్మ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మంచిదమ్మా అన్నాను. ఆ పూట నాకు అన్నం సయించలేదు.