రికాబు గురించి విఠల్ సార్ చెప్పిన తప్పు

మీరు ఎప్పుడో నమ్మకంగా చెప్పిన ఒక తప్పు ఇప్పుడు ఎవరి నోట తిరుగుతోందో మీకు తెలుసా? చిన్న మంగళారంలో గుర్రాలు పెంచే ఫామ్‌హౌస్‌ల పక్కగా నడుస్తుంటే గుర్రపు చెమట, తడి తోలు కలిసిన వాసన వస్తుంది. అప్పుడల్లా నాకు ఈ ప్రశ్న, దాని వెంటే చేవెళ్ల కాలేజీలో మాకు చరిత్ర చెప్పిన విఠల్ సార్ గుర్తొస్తారు.

బైజాంటిన్ సామ్రాజ్యపు అశ్వికదళమంటే ఆయనకు ప్రాణం. భూమి దున్నుకుంటూనే, పిలుపు రాగానే గుర్రంతో, ఆయుధాలతో కదిలిన రైతు సైనికుల గురించి ఆయన చెబుతుంటే ఆలూరు నుంచి వచ్చే పిల్లలు ఇంటికెళ్లే బస్సు వేళ మరిచిపోయేవారు. ఒకరోజు, రౌతు కాలు మోపుకునే ఇనుప రికాబు వచ్చాకే మనిషికీ గుర్రానికీ నిండు కవచం సాధ్యమైందన్నారు. డిబేట్‌లు గెలిచిన ఊపులో ఉన్న నేను లేచి, రికాబు ఆ సామ్రాజ్యానికి చేరకముందే కవచాల రౌతులు ఉన్నారు కదా, వాళ్లెలా కూర్చున్నారని అడిగాను. క్లాసంతా చప్పట్లు. సార్ ముఖం చిన్నబోయింది. మర్నాడు పుస్తకాలతో వచ్చారు. ఎత్తైన కొమ్ముల జీను వాళ్లను పట్టి ఉంచేదని వివరించి, "ఇన్నేండ్లు సూడకుండ చెప్పిన. సిగ్గయితున్నది" అన్నారు.

అక్కడితో ఆగలేదు. పాత విద్యార్థులకూ చెప్పాలన్నారు. ప్రశ్న నాది కాబట్టి నన్నూ వెంట రమ్మన్నారు. మొయినాబాద్‌లో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే శ్రీశైలం అన్న ముందు, కొనేవాళ్లంతా వింటుండగా, తన పొరపాటు విప్పి చెప్పారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

శ్రీశైలం అన్న నవ్వాడు. "పాసయి ఎన్నేండ్లాయె సార్. రికాబు ముందొస్తే ఏంది, ఎన్కొస్తే ఏంది, నా షాపుకేం ఫరక్?"

"నీకేం లేదు. ఇంకెవలకన్న చెప్పినవేమోనని ఫికర్."

అన్న నవ్వు ఆగిపోయింది. "మొన్న ఆదివారం మా బిడ్డను గుర్రమెక్కియ్యనీకి తీస్కపోయిన. రికాబు సూపిచ్చి గదే చెప్పిన. మా సార్ చెప్పిండని కూడ చెప్పిన."

సార్ తల వంచుకున్నారు. "అయితే మా సార్ తప్పు చెప్పిండని గూడ చెప్పు" అన్నారు మెల్లగా.

క్లాసులో చప్పట్లకు పొంగిపోయిన నాకు, ఆ దుకాణం మెట్లు దిగుతుంటే ఆయన పక్కన నడవడానికే సిగ్గేసింది. నా ప్రశ్న సరైనదే. కానీ అడిగి కూర్చున్నాక దాని బరువు ఎవరు మోస్తారో నేను ఆలోచించలేదు.

ఇప్పుడు గెలిచిన ప్రతి వాదం తర్వాతా నేను చెప్పినవి మళ్లీ సరిచూసుకుంటాను. తప్పు దొరికితే ఎదుటి జట్టును వెతుక్కుంటూ వెళ్తాను. చెవులు వేడెక్కుతాయి, అయినా వెళ్తాను. మీరు కూడా ఈ వారం ఒక్కరి దగ్గరికి వెళ్లండి. ఫోన్ చేయకండి. ఎదురుగా నిలబడి, నేను నీకు తప్పు చెప్పానని చెప్పండి.