దొనకొండ పెళ్లి క్యాసెట్

మార్కాపురంలో నాది సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం. అంతకుముందు అదే గదిలో నాన్న రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసేవాడు. నా దుకాణానికి ఫోన్లు తెచ్చేవాళ్లకంటే పోట్లాడుకోవడానికి వచ్చేవాళ్లే ఎక్కువ. ఆస్తులకోసం కాదు, పార్టీల కోసం అంతకన్నా కాదు. పెళ్లి బ్యాండులో క్లారినెట్ ఎవరు గొప్పగా వాయించారన్న దాని కోసం. ఇలాంటి పిచ్చి ఒకటి ఈ పక్క ఉందంటే బయటి ఊళ్లవాళ్లు నమ్మరు. నమ్మకపోతే నష్టం వాళ్లకే.

ఈ పోట్లాటకు పెద్దలు ఇద్దరు. ఒకరు బస్సు నడిపి రిటైరైన భాయ్. ఇంకొకరు కొనకనమిట్ల దగ్గర కంది వేసే రైతు, నేను పెదనాయనా అని పిలుస్తాను. భాయ్ లెక్కలో క్లారినెట్ పట్టిన మొనగాడు ఒక్కడే. త్రిపురాంతకం దగ్గర పుట్టి, ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ మోగించి, నలభై ఏళ్ల కిందట పోయిన ఒక పెద్దాయన. పెదనాయన లెక్కలో ఆ పెద్దాయన కొడుకే ఎక్కువ. కొడుక్కి యాభై దాటాయి. ఇప్పటికీ గిద్దలూరు నుంచి దొనకొండ దాకా ఊరేగింపులకు వెళ్తాడు. వాయించేది తండ్రి వాడిన క్లారినెట్టే.

భాయ్ దగ్గర బ్రహ్మాస్త్రం లాంటి క్యాసెట్ ఒకటుంది. దొనకొండ బస్సు నడిపే రోజుల్లో, అక్కడికి దగ్గర పల్లెలో ఒక పెళ్లికి టేప్ రికార్డర్ మోసుకెళ్లి తనే రికార్డు చేసుకున్నారు. పెద్దాయన వాయించినదాంట్లో లోకంలో మిగిలింది ఆ ఒక్క క్యాసెట్టే.

"కొడుకు బాగానే వాయిస్తాడన్నా, కాదన్లే. ఆ పరుగు ఏది మరి? ఇందులో వేళ్లు కనపడతాయా అసలు?" అనేవారు భాయ్.

"క్యాసెట్లో వేళ్లెట్ల కనపడతాయి భాయ్?" అనేవాడు పెదనాయన. "మావోడు పందిట్లో మూడు గంటలు నిలబడి వాయిస్తాడు. నీ క్యాసెట్ అరగంటకే టక్కున ఆగిపోతాది."

భాయ్ క్యాసెట్ పెట్టగానే మాత్రం పెదనాయన నోరు మూతపడేది. ఆ పరుగుకు ఎవరైనా నోరు మూయాల్సిందే. చిన్నప్పటినుంచీ విన్నాను, విన్న ప్రతిసారీ ఒళ్లు జలదరించింది.

కొడుకు పడ్డ కష్టం కూడా నాకు తెలుసు. ఆ క్యాసెట్‌కు కాపీ చేయించుకుని, ఇంట్లో దానితో పోటీపడి సాధన చేశాడు. చిక్కేమిటంటే చేతిలో ఉన్నది అదే క్లారినెట్ అయినా క్యాసెట్ నాలుగు శృతులు పైన పలికేది. తండ్రి ఎలా పలికించాడో అంతుపట్టక, కొడుకు ప్రతి స్వరాన్నీ నాలుగు మెట్లు పైకి జరిపి, మెలికలు తిరిగే వేళ్లతో మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాడు. దానికి ఏళ్లు పట్టింది. చివరికి ఆ శృతి అందింది, ఆ పరుగూ అందింది. నేను చెవులారా విన్నాను. భాయ్ మాత్రం ప్రతి పెళ్లిలోనూ అదే మాట. "దగ్గరికొచ్చినావు బేటా. ఇంకా రాలేదు."

ఒకసారి కొడుకు నా దగ్గర బయటపడ్డాడు. "ఊరంతా మెచ్చుకున్నా నాకు ఆనదన్నా. మా నాయన్ను దగ్గర కూర్చొని ఇన్నోళ్లలో మిగిలింది భాయ్ ఒక్కడే. ఆయన నోట ఒక్కసారి వచ్చిందనిపించుకుంటే చాలు." అంత వయసున్న మనిషి అలా అడుగుతుంటే నాకు భాయ్ మీద కోపం వచ్చింది.

పోయిన ఎండాకాలంలో క్యాసెట్ అతుక్కుపోవడం మొదలైంది. దాన్ని ఫోన్లోకి ఎక్కించమని భాయ్ నాకిచ్చారు. క్లారినెట్ ఆగగానే టేపు ఆపేయడం ఆయన అలవాటు. నేను కంప్యూటర్‌కు తగిలించి చివరిదాకా వదిలేశాను. వాయింపు అయ్యాక ఎవరో చిన్నపిల్లవాడు సన్నటి గొంతుతో, "బస్సు టైమైంది, ఇంగ ఆపుతున్నా" అన్నాడు.

ఆ రోజు బస్సు నడపాల్సింది, టేపు ఆపింది ఒక్కరే కదా, ఆ పిల్లవాడు భాయే. బస్సుకు హారన్ అక్కర్లేని గొంతు ఆయనది. మొదట పడీపడీ నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. వెంటనే భాయ్‌కి ఫోన్ చేసి, ఆ రోజు టేప్ రికార్డర్లో బ్యాటరీలు కొత్తవేనా అని అడిగాను.

"కొత్తవి యాడివి తమ్ముడూ? పాతవే. ముందురోజంతా మిద్దెమీద ఎండలో పెట్టి ఎక్కించినా. ఎందుకు?"

ఏమీ లేదని పెట్టేశాను. అప్పట్లో మా ఇళ్లలో అందరూ చేసే పనే. అయిపోవచ్చిన బ్యాటరీలను వడియాల పక్కన ఎండబెడితే ఇంకాస్త ప్రాణం వచ్చేది. అలాంటి బ్యాటరీలతో టేపు నీరసంగా తిరుగుతుంది. నీరసంగా తిరుగుతూ పట్టుకున్న పాటను మంచి కరెంటు మీద వేస్తే శృతి పెరిగి, పరుగందుకుంటుంది. ఇది నాన్న నాకు మొదట్లోనే నేర్పిన విషయం. నేర్చుకుని కూడా ఇన్నేళ్లు ఆ క్యాసెట్ ముందు నోరు తెరుచుకుని కూర్చున్నందుకు నా చెంపలు నేనే వాయించుకోవాలి.

భాయ్ గొంతు భాయ్ గొంతు అయ్యేదాకా కంప్యూటర్లో వేగం తగ్గించుకుంటూ వచ్చాను. అప్పుడు మొదటినుంచి పెట్టి విన్నాను. క్లారినెట్ నాలుగు శృతులు కిందికి దిగింది. పరుగు నడక అయింది.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెబితే ఒక ముసలాయన జన్మంతా మోసిన గొప్ప కూలిపోతుంది. చెప్పకపోతే కొడుకు చచ్చేదాకా ‘ఇంకా రాలేదు’ అనిపించుకుంటూనే ఉంటాడు. నా కడుపులో మాట దాగదు. మూడోనాడు పొద్దున ముగ్గురినీ పిలిచాను.

ముందు భాయ్ గొంతు రెండు రకాలుగానూ వినిపించి, బ్యాటరీల సంగతి చెప్పి, తర్వాత వాయింపు పెట్టాను. గెలిచిన పెదనాయన గెలిచినట్టు లేడు, రోడ్డువైపు చూస్తున్నాడు. భాయ్ తలవంచుకుని చివరిదాకా విన్నారు.

"ఎండలో పెట్టింది నేనే," అన్నారు. "లేని పరుగు ఎనక ఇన్నేండ్లు నిన్ను ఉరికించినా బేటా. క్లారినెట్ తెచ్చినావా?"

"బండిలో ఉంది భాయ్."

"తీసుకరా. క్యాసెట్లో ఎంత పరుగుందో అంత పరుగుతోనే వాయించు."

కొడుకు కౌంటరు పక్కన నిలబడి వాయించాడు. రోడ్డు మీద వెళ్లేవాళ్లు ఆగారు. కరిగిన ఛార్జర్ చేత్తో పట్టుకుని వచ్చినామె దాని సంగతి మరిచిపోయింది. మనిషి వేళ్లు అంత వేగంగా, అంత శుభ్రంగా కదలడం నేను మళ్లీ చూడబోను. ఆగిన తర్వాత భాయ్ కళ్లు తెరిచారు.

"ఇట్ల వాయించినోడు ఈ పక్కల ఎవడూ లేడు బేటా. మీ నాయన కూడా ఇట్ల వాయించలేదు."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అతను మాత్రం తువ్వాలుతో క్లారినెట్ మూతి తుడిచాడు, తుడిచిందే మళ్లీ తుడిచాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"అన్నా, ఆ నిదానంది మళ్లీ పెట్టు. నడుమ ఒకే ఊపిరిలో లాగినాడే, ఆడికి పెట్టు."

పెట్టాను. విని తల ఊపాడు. "చూసినావా భాయ్, పరుగులో ఈ ముక్క ఎంతసేపు? తొందరగా అయిపోతాది, నా ఊపిరికి అందింది. ఇట్ల నిదానంగా అయితే ఎంత పొడుగుందో చూడు. ఇంత ఊపిరి ఎట్ల పట్టినాడు మా నాయన? మనమంతా వేళ్లే చూసినాం గానీ ఊపిరి చూడలే."

అదే ముక్క నిదానంగా అందుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఇంకా రెండు స్వరాలుండగానే ఊపిరి తెగిపోయింది. ఓడిపోయిన మొహం కాదది, ఇన్నాళ్లకు తండ్రి కనిపించిన మొహం.

భాయ్ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "తొందరేం లేదు," అన్నారు. "మళ్లీ పట్టు, బేటా."