ఏసన్న తూటా పోయిన దూరం

ఆదోనిలో పత్తి మిల్లు గేటు దగ్గర కావలి కూర్చునే ఏసన్నను ఊరంతా తుపాకి ఏసన్న అనేది. మిల్లువాళ్ళు ఆయన చేతికిచ్చింది వెదురు కర్ర. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఇల్లు చేరిన నాటినుంచి తొమ్మిదేళ్ళుగా, అడిగినవారికీ అడగనివారికీ ఒకే కథ చెప్పి ఆ పేరు నిలబెట్టుకున్నాడు. కోట కొండ మీద నిలబడి తాను రైఫిలు పేలిస్తే తూటా వెళ్ళి ఎమ్మిగనూరు సంతలో పడుతుందట. మధ్య దూరం పద్దెనిమిది మైళ్ళు. మొదటి ఏడు ఆ తూటా పన్నెండు మైళ్ళే పోయేది. వినేవాళ్ళు నోరు తెరిచినకొద్దీ అదీ ముందుకు సాగింది. తూటాకు పోనుపోను వేగం తగ్గుతుంది, కథకు పెరుగుతుంది. ఈ విషయంలో ఏసన్న మనందరికంటె అధికుడూ కాడు, అధముడూ కాడు.

తాలూకా బళ్ళారి జిల్లానుంచి కర్నూలు జిల్లాలోకి మారిన మరుసటి మాఘమాసంలో, తలారి మారెప్ప తప్పెట కొట్టి దండోరా వేశాడు. శుక్రవారం పొద్దున మొండిగుట్ట పడమటి వైపున పోలీసులు గురి నేర్చుకుంటారు, గుట్టకు తూర్పున రెండు మైళ్ళ దాకా మనుషులు గాని పశువులు గాని తిరగకూడదు. గుట్టకు సరిగా మైలున్నర తూర్పున రామసుబ్బయ్య శెట్టి పత్తిచేను ఉంది. అందులో ఏసన్న భార్య అంజినమ్మ పదిమంది ఆడవాళ్ళను వెంటబెట్టుకొని పత్తి తీస్తోంది. ఒక్కరోజు ఆగినా శనివారం కౌతాళం ఊరి కూలీల గుంపును దింపుతానని శెట్టి కబురు పెట్టాడు. చేను పోతే వాళ్ళకు ఆ ఏటి పని పోయినట్టే.

గురువారం సాయంత్రం ఆడవాళ్ళంతా ఏసన్న ఇంటి ముందు చేరారు. అందరిలో పెద్దది హుసేనమ్మ. ఆమె దారి చూపింది.

"బండలు పగలేసే కాడ మనం సూడలేదా? మందు పెట్టినోని కేక యాడ ఇనపడదో, ఆడికి రాయి రాదు. రేపు సేన్లో సెవులొగ్గి నిలబడదాం. తుపాకి సప్పుడు ఇనపడితే వచ్చేద్దాం. ఇనపడకుంటే మన పని మనది."

ఆ సూత్రం ముప్ఫై ఏళ్ళుగా ఆమె తలను కాపాడింది. ఒకచోట ప్రాణం నిలిపిన సూత్రం అన్నిచోట్లా నిలుపుతుందని నమ్మడం చదువుకున్నవాళ్ళకూ ఉన్న జబ్బే. ఆడవాళ్ళు తలలూపారు.

గడప మీద కూర్చున్న ఏసన్న కదిలాడు.

"తూటాకు ఆ లెక్క పనికిరాదక్కా. రేపు గాలి తూర్పునుంచి కొడతాది. సప్పుడు మీకు రాదు. తూటా వస్తాది."

"ఎంత దూరం వస్తాదప్పా?"

"రెండు మైళ్ళు."

పదిమందీ నవ్వారు.

"ఎమ్మిగనూరు పోయేది రెండు మైళ్ళకొచ్చెనా? ముసలిదైనట్టుంది పాపం," అంది హుసేనమ్మ.

"పదారు మైళ్ళు అరిగిపాయె," అంది అంజినమ్మ. "వచ్చే ఏటికి మిల్లు గేటు దాటదేమో."

ఏసన్న కర్రను భుజానికి ఎత్తి చూపాడు. "గొట్టం నేలకు సమంగా పెడితే నాలుగైదు నూర్ల గజాల్లో మన్ను కరుస్తాది. పైకెత్తేకొద్దీ దూరం పోతాది. మరీ నిలువునా ఎత్తితే పేల్చినోని సుట్టుపక్కలే పడతాది. ఎదురుగాలికి రవంత తగ్గుతాది, ఎండకు గాలి పల్చనైతే రవంత పెరుగుతాది. బండకు తగిలిందా, ఇంక దానికి దిక్కూ లేదు, దారీ లేదు. కొత్తోడెవడన్నా భయానికి గొట్టం లేపినాడనుకో, గుట్ట నెత్తిమీంచి మీ సేన్లోకే."

"ఎమ్మిగనూరు ముచ్చట గూడా ఇట్లే సెప్తివి," అంది హుసేనమ్మ. ఆ మాటలో కోపం లేదు, అందుకే గట్టిగా తగిలింది.

అంజినమ్మ మాత్రం మొగుడి ముఖం కేసి చూస్తోంది. "ఒకటి సెప్పయ్యా. సప్పుడు రాకుండానే తూటా వస్తాదని నీకెట్ల తెలుసు? పేల్చేటోనికి సప్పుడు సెవి పక్కనే గదా."

తొమ్మిదేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఏసన్న కర్రను దించి గోడకు ఆనించాడు. పత్తికాయల మొనలు గీరిన ఆమె వేళ్ళను చూశాడు. జవాబు చెప్పకపోతే రేపు ఆ వేళ్ళు చేనులో ఉంటాయి.

"నేను పేల్చేటోన్ని కాదు," అన్నాడు. "అవతల కూసునేటోన్ని. సిపాయిని గూడా గాదు, పనోన్ని. జబల్పూరు కాడ గురి మైదానం. అట్ట బొమ్మల కింద గుంతలో మూడేండ్లు కూసుంటిని. తూటా పడిన రంధ్రానికి మైదా గంజితో కాగితం అంటించేది నా పని. నెత్తిమీద టప్పుమనేది ముందు, అవతల తుపాకి సప్పుడు ఎనక. తొలిరోజు ఆ సప్పుడు ఇన్నాక తల దాంచుకుంటే అంతా నవ్విరి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. తనను పెంచుకోవడానికి అబద్ధమాడేవాళ్ళను వాళ్ళు రోజూ చూస్తారు. తగ్గించుకోవడానికి ఆడేవాడిని ఎన్నడూ చూడలేదు.

"రేపు పోవద్దు," అంది హుసేనమ్మ లేస్తూ.

శుక్రవారం చేను ఖాళీగా ఉంది. ఊళ్ళో ఎవరి చెవికీ ఒక్క చప్పుడూ పడలేదు. శనివారం శెట్టి అన్నంత పనీ చేశాడు గాని, కౌతాళంనుంచి సగం మందే వచ్చారు. అందుచేత సగం చేను అంజినమ్మ గుంపుకు మిగిలింది. పత్తి తీస్తూ ఆడవాళ్ళు సాళ్ళన్నీ వెదికారు. తూటా ఒక్కటీ దొరకలేదు.

"సగం సేను పాయె, తూటా రాకపాయె," అంది అంజినమ్మ ఆ సాయంత్రం, సంగటి పెడుతూ. "ఎమ్మిగనూరు మగ్గాలోళ్ళ నూలుకు గంజి పెట్టేటోళ్ళు కావాలంట. పోతావా?"

"రాకుంటే మంచిదే గదమ్మే," అన్నాడు ఏసన్న. వారం తిరిగేసరికి ఊరు ఆయనను గంజి ఏసన్న అనడం మొదలుపెట్టింది. పాత పేరు ఎక్కడానికి ఏళ్ళు పట్టింది.

మరుసటి మాఘంలో మారెప్ప మళ్ళీ తప్పెటతో వచ్చి, శుక్రవారం గురి అని మొదలుపెట్టాడు. దండోరా పూర్తికాకముందే హుసేనమ్మ ఆయనను ఆగమని, మిల్లు గేటు వైపు కేకవేసింది.

"గంజన్నా, ఎంత దూరమప్పా?"

"రెండు మైళ్ళు."

ఏడాది గడిచినా గజం పెరగలేదు. అంజినమ్మ మాత్రం ఆ మాట కోసం ఆగలేదు. శుక్రవారం చేనుకు రామని చెప్పి, కౌతాళానికి కబురు పెట్టనని శెట్టి దగ్గర మాట తీసుకోవడానికి అప్పటికే బయలుదేరింది.